మ మీది వంపు

గోరంట్ల దాటాక రోడ్డు పక్కన చిన్న మెస్. నిచ్చెన మీద వడ్రంగి ఓబిలేష్. కింద మెస్ నడిపే సరళ.

“నిచ్చెన గట్టిగా పట్టుకోక్కా, ఊగుతాండాది.”

“పట్టుకున్యా లేప్పా. ఇంత ఎండలో ఇప్పుడే దింపల్లా దాన్ని?”

“దింపల్లక్కా. నేను చెక్కిన మొదటి బోర్డిది. వచ్చేపోయేవాళ్లంతా నవ్వుతాండారు.”

“నవ్వేదానికి ఏముండాది? చెక్క నున్నగుండాది, అక్షరాలు గుండ్రంగా...”

“చదువు.”

“ఏంది?”

“బోర్డు మీద ఏముందో పెద్దగా చదువక్కా.”

“అమ్మ మెస్.”

“అది నువ్వు చెక్కమన్నది. నేను చెక్కింది చదువు.”

“...అమ్మే మెస్.”

“ఆ! అమ్మకానికి పెట్టినట్ల!”

“ఎట్లయిందప్పా అది?”

“వేపచెక్క కదా. మ మీద తలకట్టు చెక్కుతాంటే పెచ్చు లేసిపాయె. నీకు చెప్పేకి సిగ్గయి, దాన్ని కప్పల్లని వంపు తిప్పితి. వంపు బలే కుదిరిందనుకున్యా. చూస్తే అది ఏత్వమై కూచునింది.”

“చెప్పింటే నేనేమన్నా నిన్ను తింటానా?”

“ఇప్పుడు బుద్ధొచ్చింది లేక్కా. పెచ్చు లేస్తే లేసిందని చెప్పల్ల. ఉలి పట్టకముందు ఇంగొకరితో చదివించల్ల. పెయింటయితే తుడుస్తాం, ఉలిదెబ్బ తుడిచేకయితాదా?”

“నువ్వు తెచ్చిచ్చిన పొద్దు నేనూ చదివితి కదా. నాకూ అమ్మ మెస్ అనే కనపడె. ఇద్దరమూ ఆశతో చూస్తిమి.”

“రంపప్పొట్టు బంకలో కలిపి పూడుస్తా. రేపు పొద్దున్నే మళ్లా తగిలిస్తా.”

“రేపేనా? ఏం తొందర?”

“తొందర లేదా? అన్నానికి జనాలొచ్చే యాళకి...”

“యాడుండారప్పా జనాలు? ఆపక్క కొత్త రోడ్డు పడినంక లారీలన్నీ అటే పోతాండాయి.”

“వస్తారు లేక్కా. బోర్డు సరిగా ఉంటే...”

“నేనూ అట్లే అనుకుంటి. మంచి బోర్డు పెడితే నలుగురు ఆగుతారని. బోర్లో నీళ్లు పాయె. ట్యాంకరు నీళ్లతో అన్నం వండి, సాయంత్రం మిగిలిందంతా ఎనుముల కుడితిలో పోస్తాండా. చాతకాలేదప్పా నాకు. అలుపొచ్చేసింది.”

“అట్లనొద్దక్కా. పట్టుకో, మేకు పీకుతాండా.”

“కొంచేపు ఆగు.”

“ఆగితే ఎట్ల? ఇందాక ఎవరో ఆయప్ప కారాపి నన్నడిగినాడు, మెస్ ఎంతకిస్తారు, పొయ్యిలూ గిన్నెలూ కూడా ఇస్తారా అని. నాకు తల తీసేసినట్లాయె. అమ్మేది కాదు పో అని కసిరినా.”

“పోయినాడా?”

“యాడికి? ఎదురుగా టీ అంగట్లో కూచోనుండాడు. ఇంగా బోర్డే చూస్తాండాడు. ఏమక్కా, నిచ్చెన వదిలేసినావే!”

“బోర్డు సరిగ్గానే ఉండాది ఓబిలేషూ. నువ్వు దిగి, ఆయప్పను పిలుచుకోని రా పో.”