రాయి ఎవరు తీశారు?

ఈస్టర్ ఉదయం. వంటింటి కిటికీలో, పూలకుండీలో మట్టితో చేసి రాయితో మూసిన చిన్న యేసు సమాధి ముందు తల్లీ, ఆరేళ్ళ కూతురూ నిలబడ్డారు.

"చూశావా బంగారం, రాయి పక్కకు జరిగింది! యేసయ్య లేచాడు."

"రాయి ఎవరు తీశారు?"

"దేవదూత."

"అబద్ధం. ఇందాక తలుపు చాటునుంచి చూశాను. నువ్వే తీశావు."

"నువ్వు సంబరపడతావనమ్మా."

"పోయినేడు కూడా నువ్వేనా?"

"నేనే."

"దేవదూత మా ఇంటికొచ్చాడని బళ్ళో చెప్పాను. కోతలు కోస్తున్నావంటే అందరితో పోట్లాడాను కూడా."

"తప్పు నాదే తల్లీ. కానీ యేసయ్య లేచింది మాత్రం నిజం."

"నాన్న కూడా ఒకరోజు సమాధిలోంచి లేస్తాడన్నావు. అదీ నేను సంబరపడతాననేనా?"

"కాదమ్మా! అది నేనూ నమ్ముతున్నాను. ఒట్టు."

"నీ ఒట్టు నాకొద్దు. నాన్నమ్మనడుగుతాను."