పై అంచుకు ఒక దారం

సభాధ్యక్షులు, మన ఆసుపత్రి సూపరింటెండెంట్, సర్జన్ డాక్టర్ శివరామకృష్ణ గారికి, వేదిక మీది పెద్దలకు, సమోసాల కోసం ఓపిగ్గా కూర్చున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఇన్నేళ్లూ పాథాలజీ గదిలో, మీరు కోసి పంపిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూస్తూ కూర్చున్న నాలో ఇన్ని సుగుణాలున్నాయని నాకూ ఇవాళే తెలిసింది. ఒకటి రెండు ముందే చెప్పి ఉంటే ఆ గదికి ఫ్యానైనా అడిగేవాణ్ణి.

ఇవాళ రిటైరై పోయే ముందు నా కణాల గురించి ఒక మాట. నోటి లోపలి పొరలో కణానికి పైనేదో, కిందేదో, పక్కనున్నదెవరో తెలుసు. ఆ దిక్కు చెప్పే ప్రోటీన్లు పై అంచున కొన్ని, పక్క గోడన కొన్ని, వాటి వాటి చోట కాపలా ఉంటాయి. అవి పోయినా, చోటు తప్పినా కణం దిక్కు మరుస్తుంది, పొర చెదురుతుంది. కాన్సర్‌కు అదొక్కటే కారణం కాదు గాని, దాని దారి సులువవుతుంది. ముందు వరుసలో ప్రకాష్ గారూ, వీడియో చాలు, ఫోన్ దించండి. మన స్టాఫులో దిక్కు మరిచినవారు ఒక్కరూ లేరు: ముఖం వేదికకు, వీపు వార్డుకు. (నవ్వులు, ముందు వరుసలో తప్ప)

కోసిన ముక్కకు ఆ తెలివి ఉండదు. అందుకే పై అంచుకు దారం కట్టి పంపాలి. మిర్చి యార్డులో తొడిమలు తీసే సంతోషకుమారి బుగ్గలోంచి కోసిన గడ్డ దారం లేకుండా వచ్చింది. ఒక అంచున కాన్సర్ మిగిలి ఉంది. కోసిన మన అధ్యక్షులవారికే ఫోన్ చేశాను.

"ఇందులో పైనేది సార్?"

"ముక్క ముక్కేనండీ, పైనేంటి, కిందేంటి? దారం కావాలని స్టోర్స్‌కి ఇండెంటు పెట్టాం, రాలేదు."

"మరి గాయం దేంతో కుట్టారు?"

"అది పేషెంటు దారమండీ. ముక్కకి వేరే శాంక్షన్ కావాలి."

ఏ అంచో తెలిస్తే అక్కడ కాస్త తీస్తే సరిపోయేది. తెలియక చుట్టూ కోశారు. ఆవిడ వెనక వరుసలో ఉంది. నోరు సగమే తెరుచుకుంటుంది. ఇందాక గుమ్మంలో, "మీరెళ్లిపోతే వీళ్లతో ఎవరు పోట్లాడతారండీ?" అంది. వచ్చి కూర్చోమ్మా, చెబుతాను అన్నాను.

శివరామకృష్ణ గారూ, రేపు పొద్దున మీ కత్తి కింద ఇంకో బుగ్గ ఉంది. ఇండెంటు ఇంకా రాలేదు. గుంటూరు ఎండల్లో మీరు నాకు ఈ శాలువా ఎందుకు కప్పారో ఇప్పుడర్థమైంది. అంచున ఒక పోగు లాగి చూశాను, గట్టిదే. మనిషిని కుట్టడానికి పనికిరాదు గాని ముక్కకు కట్టడానికి చాలు. దీన్ని మీ థియేటరుకే ఇచ్చి పోతున్నాను. ఇక దారం లేదనకండి.

వచ్చినవారందరికీ కృతజ్ఞతలు. సంతోషమ్మా, ఇదే నా జవాబు. సెలవు.