క్షేమం అడగకుండా మాట్లాడిన మూడు నిమిషాలు

1996 మార్చి పదకొండో తేదీన, ఇసుకగాలి వీస్తున్న ఉదయాన, శ్రీ లెహ్బీబ్ సువెల్మా గారు స్మారా శరణార్థి శిబిరంలోని మన ఉత్తరాల కార్యాలయంలో చేరారు. స్పెయిన్ వారి కాలంలో ఆయన మన పశ్చిమ సహారా ఫాస్ఫేటు గనిలో ఓడలకెక్కే సరుకుకు చీటీలు రాసేవారు. పొరుగు దేశం మన నేలను ఆక్రమించి యుద్ధం వచ్చాక మనందరిలాగే ఎడారి దాటి ఈ గుడారాలకు చేరారు. ఆక్రమణదారుల దగ్గర మన ఫాస్ఫేటు కొని ఏ ఓడ ఏ దేశానికి పోతున్నదో కనిపెట్టడం, కొన్న కంపెనీల వాటాదారులకు ఉత్తరాలు రాయడం ఇరవైమూడేళ్ళుగా ఆయన కొలువు.

యాభైరెండో ఏట అక్షరాలు నేర్చుకున్న నాకు కవర్ల మీద చిరునామాలు రాసే పని అప్పగించినవారు ఆయనే. నా భర్త సమాధి ఆక్రమణదారులు మన నేలకు అడ్డంగా కట్టిన ఇసుకగోడకు అవతల, ఆ గని దారిలోనే ఉంది. నేను పోయి పిడికెడు మన్ను వేయలేని నేలను ఈ కంపెనీలవాళ్ళు ఓడలకొద్దీ కొని పొలాలకు చల్లుకుంటున్నారు. మా ఉత్తరాలకు జవాబులు మాత్రం మహా మర్యాదగా వచ్చేవి. అంతా చట్టప్రకారమేననీ, స్థానికులకు మేలు జరుగుతున్నదనీ రాసేవారు. ఏ స్థానికులను అడిగారో ఒక్కరూ రాయలేదు.

2011లో ఒక ఉత్తర దేశపు నర్సుల పింఛను నిధి, తనకు వాటాలున్న ఎరువుల కంపెనీ వార్షిక సభలో తన తరఫున మాట్లాడే అధికారాన్ని లెహ్బీబ్ గారికి ఇచ్చింది. మన ఫాస్ఫేటు కొనరాదన్న తీర్మానం ఆనాడే ఓటుకు వచ్చింది. పదిహేనేళ్ళ శ్రమ ఆ ఒక్క సభలో తేలవలసి ఉంది. తిరిగివచ్చిన రోజున ఆయన టీ గ్లాసు ముట్టకుండా కూర్చున్నారు.

"ఎంతసేపు ఇచ్చారు తమ్ముడూ?" అని అడిగాను.

"మూడు నిమిషాలక్కా."

"ఏం మాట్లాడావు?"

"క్షేమ సమాచారాలు అడిగాను. అధ్యక్షుడివి, వాళ్ళమ్మగారివి, పిల్లలవి. వానలు పడ్డాయా అనేసరికి గంట కొట్టేశారు."

"ఒంటెల సంగతి మర్చిపోయావేం?"

"అక్కడికే వస్తున్నా, ఇంతలో మైకు ఆపేశారు."

మేము నవ్వాము. ఆయన నవ్వలేదు. "వాళ్ళూ ఇలాగే నవ్వారక్కా, హాలంతా" అన్నారు. తీర్మానం ఓడిపోయింది.

మరుసటి ఏడు ఆయన మళ్ళీ వెళ్ళారు. మనలో క్షేమం అడగకుండా మాట మొదలుపెట్టేది శత్రువుతోనే. ఆనాడు ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. "నా పేరు లెహ్బీబ్. మీరు కొంటున్నది దొంగసొత్తు. ఆ సరుకు చీటీలు ఒకప్పుడు నా చేత్తో రాశాను. అమ్మమంటారా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు" అని, మిగిలిన సమయమంతా మౌనంగా నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు.

తీర్మానం మళ్ళీ ఓడిపోయింది. కానీ నర్సులు తమ వాటాలు అమ్మేశారు, వారి వెనుక మరి రెండు నిధులు అమ్మేశాయి. రెండేళ్ళకు ఆ కంపెనీ మన ఫాస్ఫేటు కొనడం మానేసింది. వ్యాపార కారణాల వల్ల మానేశామని ప్రకటించింది. ఆ కాగితాన్ని నేనే కూడబలుక్కుని చదివాను. మన ఊసు ఒక్క ముక్క లేదు. ముసలితనంలో ఇంత కష్టపడి చదువు నేర్చుకున్నది ఈ అబద్ధం చదవడానికా అని మండిపడ్డాను.

"వాళ్ళేమైనా రాసుకోనీ అక్కా, ఓడ రావడం ఆగింది కదా" అన్నారాయన. కాసేపటికి మెల్లగా, "బాగున్నారా అని అడక్కుండా మనుషుల్ని కడిగేసి వచ్చాను. మా అమ్మ ఉంటే ఏమనుకునేదో" అన్నారు.

నేల లాక్కున్నారు, సమాధులు లాక్కున్నారు. ఇటువంటి మనిషి నోట క్షేమం అడిగే మాట కూడా లాక్కున్నారు. దీన్ని నేను క్షమించలేదు. వేరే కంపెనీల ఓడలు ఇంకా వస్తూనే ఉన్నాయి కనుక క్షమించబోను కూడా.

చూపు మందగించి లెహ్బీబ్ గారు ఈ గురువారం విరమిస్తున్నారు. ఇక్కడ గంట కొట్టేవారు లేరు కనుక నిదానంగా అడుగుతున్నాను. తమ్ముడూ, క్షేమమా? ఇల్లాలు ఎంబార్కా క్షేమమా? పిల్లలు, మనుమలు, మేకలు? కళ్ళు ఎలా ఉన్నాయి? వాన జాడ ఏమైనా ఉందా? ఆ ఇసుకగోడ కూలాక మన సముద్రపు ఒడ్డున కూర్చుని వీటికి ఒక్కొక్కటిగా బదులు చెప్పేదాకా నిండు ఆరోగ్యంతో ఉండు. ఆఖరి మాట దాకా వినడానికి నేనూ ఉంటాను.