ఊపిరి రెండున్నర

ఏమే, టేపు అలా పట్టుకుంటే కొలతొస్తుందా, పాము తోక పట్టుకున్నట్టు? చంక కిందనించి తీసుకొచ్చి, ఒక వేలు లోపల పెట్టి... ఆఁ, అలాగ. అబ్బ, చెయ్యి చల్లగా ఉందే! ఉండు ఉండు, కాసేపు కూర్చోనీ, మోకాళ్ళు గోల పెడుతున్నాయి. కొలతలు ఎక్కడికీ పారిపోవులే. ఏమడిగావు? గంటమ్మ సంగతా? మొన్న ఆ హాలువాళ్ళు ఇద్దరొచ్చారు కదా, చేతిలో కాగితాలు పట్టుకుని, "హాలుకి ఆవిడ పేరు పెడుతున్నామండీ, ఆవిడకి బట్టలు కుట్టినవాళ్ళలో మీరొక్కరే మిగిలారు, స్టేజీ మీద రెండు ముక్కలు చెప్పాలి" అని. మిగిలానట! డబ్బా అడుగున బొత్తాంలా. దానికోసం నువ్వేమో కొత్త జాకెట్టు కుడతానని బయల్దేరావు. పాతవి లేకనా? సరే, నీ సరదా నీది.

మైకులో చెప్పేది వేరు, నీకు చెప్పేది వేరు. నువ్వు దర్జీవి కదా, నీకు అర్థమవుతుంది. గంటమ్మంటే అసలు పేరు కాదే. ఒకసారి కచేరీ మధ్యలో మైకు పోయింది. జనం లేచిపోతున్నారు. ఆవిడ చెయ్యెత్తి "కూర్చోండి" అని, వట్టి గొంతుతో ఎత్తుకుంది చూడు, చివరి వరసలో వేరుశెనక్కాయలు ఒలుచుకునేవాడు ఒలవడం ఆపేశాడట. "గంట కొట్టినట్టుందిరా" అన్నాడట ఎవడో. అంతే, ఖాయమైపోయింది. మొదట్లో ఆ పేరంటే ఆవిడకి ఒళ్ళుమంట. తర్వాత తర్వాత ఎవరైనా సంతకం అడిగితే పక్కన చిన్న గంట బొమ్మ గీసిచ్చేది. మనుషులు అంతేలే, తిట్టుకైనా అలవాటు పడిపోతారు.

నాకు పెళ్ళై అప్పటికి మూడు నెలలు. మీ తాతయ్యది కత్తెర, నాది టేపు. ఆడవాళ్ళ కొలతలు తెర వెనకాల నేను తీసి పైకి చెప్పేదాన్ని, ఆయన తెరకి ఇవతల కూర్చుని పుస్తకంలో రాసుకునేవారు. పెన్సిలు చెవి మీదే ఉంటుంది, షాపంతా వెతుకుతారు, "నా పెన్సిలు ఎవరు తీశారు" అని నామీద కేకలు. నేను చెప్పేదాన్ని కాదు. వెతకనీ, కొత్త మొగుడు కదా, చూడ్డానికి బాగుండేది. ఏం నవ్వుతావు? అలాంటప్పుడు ఓ రోజు పొద్దున్నే వచ్చింది ఆవిడ. అప్పటికే పేరున్న మనిషి. ఆవిడేమో కుదురుగా నిలబడదే! నా ముందు నిలబడి ఒకటే కూనిరాగం. మనం ఎప్పుడు కొలుస్తాం, ఊపిరి వదిలేసి ఒళ్ళు తేలికైనప్పుడు కదా? నేను కొలవడం మానేసి ఆవిడ నోటివైపు చూస్తూ ఉండిపోయాను. ఆవిడ గుండెల నిండా గాలి పీల్చిన క్షణాన ఉలిక్కిపడి టేపు బిగించి, "ముప్ఫై ఎనిమిదిన్నర!" అని అరిచాను. ఆయన అలాగే రాసుకున్నారు, అలాగే కోశారు.

కుట్టి చూస్తే జాకెట్టు కాదు, గోనె. "కళ్ళెక్కడ పెట్టుకున్నావు? ఇందులో ఇంకో మనిషిని దూర్చొచ్చు! ఈవిడ ఊరంతా చెప్పుకుంటే మనం షాపు మూసుకోవాలి" అని మీ తాతయ్య. తెర వెనకాల కూర్చుని ఏడ్చాను. విప్పి మళ్ళీ కుట్టేలోగానే ఆవిడ వచ్చేసింది. తొడుక్కుంది. అద్దంలో అటూ ఇటూ చూసుకుంది. ఒక రాగం ఎత్తుకుంది, పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది, వీధిలో పోయేవాళ్ళు ఆగారు. ఆపేసి నావైపు తిరిగి, "ఎవరే కొలిచింది?" అంది. "నేనేనమ్మా, తప్పైపోయింది" అన్నాను. "ఇన్నేళ్ళూ బట్టతో కుస్తీ పడుతూ పాడుతున్నానే. పైకెళ్ళినప్పుడల్లా కుట్లు పట్టేసేవి, నా గొంతే అంత అనుకున్నాను. ఇంకెప్పుడూ ఒప్పు చెయ్యకు, ఈ తప్పే చెయ్యి" అంది. అప్పటినుంచీ నేను ఆవిడకి సూదిపిల్లని. నేను ముసలిదాన్ని అయ్యేదాకా ఆవిడ బతికుంటే సూదిముసలీ అనేదేమో.

మన పుస్తకంలో రెండు కొలతలు రాస్తాం చూడు, వదిలినప్పటిదొకటి, పీల్చినప్పటిదొకటి? ఆవిడ వల్ల వచ్చిందే. రెంటికీ మధ్య తేడాకి మీ తాతయ్య 'ఊపిరి' అని పేరు పెట్టారు. తెర బయటనించి "ఊపిరెంత?" అనేవారు. మామూలు వాళ్ళకి అంగుళం, ఒకటిన్నర. ఆవిడకి రెండున్నర. పద్దెనిమిదేళ్ళు. ఓడలెక్కి వెళ్ళి పాడింది, దేశాలేలేవాళ్ళ ముందు పాడింది, ఎక్కడ పాడినా మన సందులోకే వచ్చి కుట్టించుకునేది. పెద్ద వీధిలో ఒక దర్జీ ఉండేవాడు, నున్నగా దువ్విన జుట్టూ వాడూ, "గంటమ్మగారికి నేనే కుడతా" అని అందరికీ డప్పు. ఆవిడ చేతి రుమాలు కూడా కుట్టలేదు వాడు. సర్లే, పోయాడు పాపం, ఇప్పుడెందుకు.

ఆవిడకో తమ్ముడు. కచేరీలన్నీ ఆయనే చూసుకునేవాడు. అక్కంటే ప్రాణం, ఎంత ప్రాణమంటే పక్కవాళ్ళకి ఊపిరాడదు. "అక్కా, చలిగాలి, మెడకి చుట్టుకో. అక్కా, చల్లనీళ్ళు తాగకు. అక్కా, అంత గట్టిగా నవ్వకు, గొంతు పోతుంది." ఆవిడ, "ఒరేయ్, తుమ్మాలన్నా నిన్నడగాలా?" అనేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు, పిల్లల్లేరు. ఒకరికొకరు, అంతే.

ఆ పద్దెనిమిదో ఏడాది, ఇప్పుడు ఆవిడ పేరు పెడుతున్న ఈ హాలే కొత్తగా కట్టారు. మొదటి కచేరీ ఆవిడదే. జాకెట్టుకని వచ్చారు ఇద్దరూ. తమ్ముడు బల్ల మీద మీ తాతయ్య పక్కన కూర్చున్నాడు. నేను తెర వేశాను. వదిలినప్పటి కొలత తీశాను, చెప్పాను. "పీల్చండమ్మా" అన్నాను. పీల్చింది. టేపు కదల్లేదే. జారిందేమో అనుకుని తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీసి మూడోసారి పెట్టాను. అరంగుళం. రెండున్నర ఊపిరి మనిషికి అర! తలెత్తి అద్దంలోకి చూశాను. ఆవిడ నా వంకే చూస్తోంది. బయటనించి మీ తాతయ్య, "ఊపిరెంత?" అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, ఇంతే, కొంచెం. "రెండున్నర" అన్నాను.

ఆయనకి కొలత అబద్ధం చెప్పడం అదే మొదలు. ఆవిడ నా చెవి దగ్గర నోరు పెట్టి, గాలి గాలిగా చెప్పింది. ఊపిరితిత్తులు పాడైపోయాయట. ఇక పాడితే గుండె తట్టుకోదన్నాడట డాక్టరు. "వాడికి తెలిస్తే ఈ కచేరీ ఆపేస్తాడే. మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, రోజూ నా మొహం చూస్తూ కూర్చుంటాడు. అలా బతకలేనే. మూడు పాటలు, అంతే. చెప్పకు సూదిపిల్లా." నేనేమనాలి? అప్పటికి మీ అమ్మ ఇంకా బడికెళ్ళే పిల్ల. అక్కడ బల్ల మీద ఆ తమ్ముడు మీ తాతయ్యతో, "ఈసారి హాలు దద్దరిల్లిపోవాలండీ" అంటున్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అయినా చెప్పలేదు.

ఇప్పుడు చిక్కెక్కడంటే, రెండున్నరకి కుడితే ఆ జాకెట్టు పీల్చినా నిండక ఆవిడ మీద వేలాడుతుంది, తమ్ముడు కనిపెట్టేస్తాడు. అరకి కుడితే... అరకి కుట్టడానికి నాకు చేతులు రాలేదే, ఏం చెయ్యను. కోసింది రెండున్నరకే. మీ తాతయ్య భోజనానికి లేచినప్పుడు రెండు పక్కలా లోపలికి మడిచి, పలచటి దారంతో దూరం దూరంగా కచ్చా కుట్టు వేశాను. పక్కా కుట్టు పడేదాకా నిలవడానికి వేస్తాం చూడు, లాగితే తెగిపోయేది, అదే. పక్కకి ఏడేసి కుట్లు. ఆవిడకి తొడిగి చెప్పాను, "ఇలా అతికినట్టు ఉంటుందమ్మా. ఒకవేళ మీకు ఊపిరొస్తే అవే తెగుతాయి." ఆ మాటకి నా బుగ్గ గిల్లింది. నొప్పెట్టేలా గిల్లింది.

కచేరీకి నన్ను పక్క వరసలో కూర్చోబెట్టింది. మొదటి పాట మెల్లగా, రెండోది ఇంకా మెల్లగా. జనం "వయసు మీద పడింది" అని గుసగుసలు. తమ్ముడు వేదిక పక్కన నిలబడి గోళ్ళు కొరుకుతున్నాడు. మూడోది ఆవిడ పైకి తీసుకెళ్ళే పాట. కళ్ళు మూసుకుంది. చాలాసేపు మూసుకుంది. నా చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. పీల్చింది చూడు! నాకు కనపడిందే, పక్కన జాకెట్టు విచ్చుకోవడం. ఒకటి, రెండు, మూడు... నేను పాట వినలేదే, కుట్లు లెక్కపెట్టాను. ఆ పాట అంత గొప్పగా ఉందట, అందరూ చెప్తారు, నేను వినలేదు.

అయ్యాక లోపలి గదికి పరిగెత్తాను. కుర్చీలో చేరగిలబడి రొప్పుతోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. చెయ్యెత్తి పక్క చూపించి, "లెక్కపెట్టవే" అంది. ఒక్కటి తప్ప అన్నీ తెగాయి. "ఆ ఒక్కటీ నీకు వదిలేశాను" అంది. ఇద్దరం ఎంత నవ్వామో! తమ్ముడు తలుపు తీసి, "అక్కా, అంత నవ్వకు" అన్నాడు.

పదహారు రోజులకి పోయింది.

నెల తర్వాత ఆవిడ తమ్ముడు ఆ జాకెట్టు పట్టుకుని షాపుకొచ్చాడు. లోపలిభాగం తిప్పి, తెగిన దారాలు చూపించి, "ఇదేంటి?" అన్నాడు. చెప్పేశాను. అంతా. "నాకు ఒక్క మాట చెప్పుంటే నా అక్క ఇంకో ఏడాది ఉండేది కదమ్మా" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మీ తాతయ్య పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ తమ్ముడు జాకెట్టు మడిచి గుండెకి పెట్టుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ మన సందులోకి రాలేదు. ఆయన అడిగింది తప్పు కాదే. ఆవిడ అడిగిందీ తప్పు కాదు. తప్పెవరిదా అని ఇన్నేళ్ళు చూశాను, నాకు తెలీలేదు. ఆయన తలుపుకడ్డంగా నిలబడ్డ రూపం మాత్రం పోదు. చాలాసార్లు ఏడ్చాను. ఏడుపు అయ్యాక మళ్ళీ అడిగినా మళ్ళీ 'రెండున్నర' అనేదాన్నే అనిపిస్తుంది. చెడ్డదాన్నేమో.

ఇవన్నీ మైకులో చెప్పనులే. ఆవిడకి జాకెట్లు కుట్టాను, మంచి మనిషి, నమస్కారం. చాలు వాళ్ళకి.

సరే, పట్టు, లేవదియ్యి. టేపు తే. వదిలాను, చూసుకో. రాశావా? ఇప్పుడు పీలుస్తాను... ఆఁ. ఎంత? ఏంటి, మాట్లాడవే? మళ్ళీ పెడతావా, పెట్టు... ఊఁ. మళ్ళీనా? ... ఎంతొచ్చింది? ఒకటిన్నరా?

మూడుసార్లు తీశావు కదే, తల్లీ.

సర్లే. ఒకటిన్నరకే కొయ్యి. లోపల కచ్చా కుట్టు వెయ్యి, పలచటి దారంతో. ఆ పెన్సిలేదీ, ఎక్కడ పెట్టావు? చెవి మీద చూసుకో.