ఈ నెల నాలుగోది

రాయదుర్గంలో ఒక గాజు మేడ. దాని వెనక ఎమర్జెన్సీ మెట్ల మీద రసజ్ఞ, ఆమె టీం లీడ్ వేణు. టీ బ్రేకు.

"తీసేసినవా లేదా, అది జెప్పు ముందుగాల."

"టీ చల్లారిపోతాంది వేణన్నా, తాగు."

"టీ సంగతి తర్వాత. పోస్టు తీసేసినవా?"

"లేదు."

"లేదా? పొద్దుగాల్నుంచి మెసేజ్ మీద మెసేజ్ పెడ్తున్న. సరే సరే అన్నవ్ గదా!"

"సరే అన్నా. తీస్తానని అనలా."

"ఓయమ్మో! నీకు మజాక్ లెక్క గొడ్తుందా ఏంది? పోరడు సచ్చిపోయిండు, రసజ్ఞా. పొద్దుగాల పేపర్ల ఫోటో ఏసిండ్రు. కూకట్‌పల్లి హాస్టల్ల ఉండేటోడంట. దినేశ్."

"పేరు తెలుసు. నేనే రాసినా కదా, 'నటుడు: దినేశ్' అని."

"గదే నేన్ జెప్పేది! మన పనేంది? జనం రిపోర్ట్ కొట్టిన వీడియోలు సూస్తం. ఉంచాల్నా, తియ్యాల్నా, బటన్ ఒత్తుతం. ఇంటికి పోతం. ఈడ సూసింది గేటు దాటొద్దని సంతకాలు బెట్టినం. నువ్వేమో తీస్కవోయి నీ పేజీల పెడ్తివి. 'నెలాఖరు నాలుగు' అట! నెల నెలా ఒక సినిమా, ఒక సిరీస్, ఒక పాట, నాలుగోదేమో..."

"ఎవరికీ తెలియంది ఒకటి."

"ఆఁ, ఎవ్వరికి తెల్వనిది. ఇప్పుడు ఊరందరికి తెల్సిపాయె."

"ఆ వీడియో నాకు చూపించింది నువ్వే కదన్నా."

"మెల్లగ మాట్లాడు. పైమెట్ల మీద ఎవరో సిగరెట్ తాగుతున్నరు."

"నీ క్యూలో వచ్చింది. నన్ను పిలిచి, ఇది నిజమా సినిమానా అని..."

"అడిగిన. ఎప్పుడడగలే? డౌటొస్తే ఫ్లోర్ ఫ్లోరంతా నిన్నే అడుగుతది. నువ్వు రాకముందు సినిమాల మర్డర్ సీను నిజమనుకొని తీసేస్తే క్లయింట్ ఎట్ల తిట్టిండో నీకేమెర్క! నువ్వొచ్చినంక ఆ పరేషానే లేకపాయె. ఫలానా సినిమా, ఇంటర్వెల్ ముందు సీను, అని కండ్లు మూస్కొని జెప్తవ్. గందుకే పిలిచిన."

"సౌండు లేకుండా చూపించినావు."

"సౌండ్ బెట్టుకొని ఎవడు సూస్తడు ఈడ? నిద్ర వడ్తదా ఇగ? అందరం మ్యూట్ల సూస్తం, డబుల్ స్పీడ్ల సూస్తం, కలర్ తీసేసి సూస్తం. కొత్తగొచ్చినోళ్లకు మొదటి దినం నేర్పేదే అది. నువ్వు గూడ గట్లనే సూస్తవ్."

"నేను కూడా. అట్లా చూస్తే ఏదైనా సినిమా మాదిరే ఉంటాదన్నా."

"గిప్పుడంటున్నవ్ ఆ మాట. ఆ దినం జర సేపు గూడ ఆలోచించలే నువ్వు. చెయ్యి ఊపి 'సినిమానే' అన్నవ్."

"లైటు చూసుకున్నాడు కదన్నా వాడు! నీళ్ల ట్యాంకు మీద ఫోను నిలబెట్టి, ట్యూబులైటు సగం ముఖం మీదే పడేటట్టు నిలబడినాడు. చచ్చిపోవాలనుకునేటోడు లైటు చూసుకుంటాడా అనుకున్నా. మాట్లాడి మాట్లాడి ఒకసారి నవ్వినాడు. పక్కకి నడిచి వెళ్ళిపోయినాడు. ఖాళీ గోడ. ఎంతసేపు చూసినా ఖాళీ గోడే. కట్ చెయ్యలా. ఏం ధైర్యంరా వీనికి, ఎంత పెద్ద డైరెక్టరైనా అక్కడ మ్యూజిక్ వేస్తాడు కదా, అనుకున్నా. ఇంటికి పోయి వాని ఎకౌంటు వెతికినా. ఈ మధ్య ఇంట్లో సినిమాలు కూడా మ్యూట్‌లోనే చూస్తాండా. వానిది మాత్రం సౌండు పెట్టుకొని చూసినా."

"సౌండ్ బెట్టుకొనా? ఏమన్నడు?"

"ఎందుకులే."

"ఏమన్నడు, జెప్పు."

"'అమ్మా, నాకిగ చాతనైతలే' అన్నాడు. తర్వాత కెమెరాలోకి చూసి, 'ఎవరన్నా ఉన్నరా ఆడ?' అన్నాడు. మళ్ళీ అదే మాట. 'ఉన్నరా?'"

"గది ఇన్నంక గూడ నీకు అనుమానం రాలేదా?"

"ఏడుపొచ్చిందన్నా. వెక్కి వెక్కి ఏడ్చినా. ఏడ్చి, కళ్లు తుడుచుకొని, ఈ మధ్య ఇంత గొప్ప నటన చూడలేదని రాసినా. ఆ ఎకౌంటులో అన్నీ యాక్టింగ్ వీడియోలే. ఒకదాంట్లో తాగుబోతు, ఒకదాంట్లో పెళ్లికొడుకు. అవేవీ బాగాలేవు. ఇదొక్కటే..."

"సాలు. ఇగ జెప్పకు."

"నువ్వే కదా అడిగింది."

"అడిగిన, తప్పయింది. సూడు, నీ ఒక్కదానిమీదకే తోస్తలేను. బటన్ ఒత్తింది నేను. నిజమని ఒత్తితే పోలీసోళ్లకు పోతుండె, ఎవరో ఒకరు ఆ హాస్టల్ తలుపు కొడ్తుండె. వీడియో పెట్టిన దినమే ఏం జేస్కోలే వాడు. ఆగిండు. రెండు దినాలు ఆగిండు. నాకు దెల్వదా? అన్నం సైస్తలేదు. మా ఆమెకు ఎనిమిదో నెల, ఏమైందని అడుగుతది, ఏం జెప్పాలె?"

"నాకూ తినబుద్ధి కావడంలా అన్నా."

"గందుకే బతిలాడుతున్న. నిన్ను నేనేం అడగలే, నువ్వు నాకేం జెప్పలే. ఒక్కన్నే సూసిన, ఒక్కన్నే ఒత్తిన. నీ పేరు దియ్య, మా అమ్మతోడు. కని ఆ పోస్టు గట్లనే ఉంటె నీ నౌకరి వాయె, నాది వాయె. తీసెయ్ తల్లీ."

"ఫోన్ మోగుతాంది."

"ఎవరు?"

"పొద్దున్నుంచి ఇదే నంబరు. పేజీలో నా నంబరు పెట్టినా కదా."

"ఎత్తకు. పేపరోళ్లయి ఉంటరు... ఏయ్, ఎందుకెత్తుతున్నవ్? రసజ్ఞా! స్పీకర్లనన్న పెట్టు!"

"హలో."

"హలో... నెలాఖరు మేడమేనా, బిడ్డా?"

"అవును. ఎవరమ్మా?"

"నేను భాగ్యమ్మను. సంగారెడ్డి దిక్కు మాది. దినేశ్ వాళ్లమ్మను... హలో? ఇనవడ్తుందా?"

"వినపడతాందమ్మా."

"నీకు పనుంటది, జర రెండు ముచ్చట్లు జెప్పి పెట్టేస్త. మా పక్కింటామె సదివి జెప్పింది, నువ్వు మావోని గురించి రాసినవంట. నిజంగనే రాసినవా?"

"రాసినానమ్మా."

"ఏం రాసినవో నీ నోటితోని జెప్పవా ఒక్కసారి?"

"ఈ అబ్బాయి ముఖంలో... ఈ అబ్బాయి ముఖంలో ఒక్క అబద్ధం లేదు, అని."

"ఆఁ. గట్లనే జెప్పింది ఆమె గూడ. ఒక్క అబద్ధం లేదని. నాకేమో జీడిమెట్ల కంపెనీల పని అని జెప్పేటోడు బిడ్డా. సినిమాలెంట తిరుగుతుండని నాకెర్కనే. ఎర్క లేనట్టుంటుంటి. ఏ ఆఫీసుకు వోయినా నీ ముఖం పనికి రాదన్నరంట. మంచిగున్నదని రాసింది నువ్వొక్కదానివే. వాడు సూసుకుండో లేదో."

"చూసుకున్నాడమ్మా."

"నిజంగనా? నీకెట్ల ఎర్క?"

"మాకు తెలుస్తాదమ్మా, చూసింది."

"సూసుకుండా! సంబరపడి ఉంటడు. ఎవరో ఒకరు నన్ను మెచ్చుకున్నరని జర సంబరపడే పోయుంటడు. గది తల్సుకుంటెనే నాకింత ముద్ద దిగుతది. దాన్ని తియ్యకు బిడ్డా. వాని ఫోన్ పోలీసోళ్లు తీస్కవోయిండ్రు. వాని ముఖం సూద్దామంటే ఇగ నీ దగ్గర్నే ఉన్నది. రేపు నా పెద్దబిడ్డ వస్తది అత్తగారింటి నుంచి. జనం కింద ఏమేం రాసిండ్రో అంతా సదువుమంట, ఒక్కటి ఇడిసిపెట్టకుండ. ఉంచుతవా?"

"చూస్తానమ్మా."

"సూస్తననకు. ఉంచుతనను."

"ఉంచుతానమ్మా."

"సల్లగుండు బిడ్డా."

"పెట్టేసిందన్నా."

"ఊఁ."

"ఏడుస్తాండావా?"

"ఊకో. టీ గొంతుకడ్డం వడ్డది... ఉంచు ఇగ."

"ఏంది?"

"పోస్టు. ఉంచు. ఏమైతదో అయితది. పైకి పోయి నేనే జెప్త, సినిమా అనుకొని ఒత్తిన అని. నౌకరి పోతే పోనీ, ఇంకో కంపెనీ ఉండదా? ఆ తల్లికి ఆ ఒక్కటన్న ఉండనీ."

"ఉంచకూడదన్నా."

"గిదేంది మల్ల? పొద్దుగాల్నుంచి తియ్యకుండ కూసున్నది నువ్వు. గిప్పుడు ఆమెకు మాటిచ్చింది నువ్వు."

"ఇచ్చినా. రేపు ఆమె కూతురొచ్చి కింద అన్నీ చదువుతాదన్నా."

"సదవనీ. అందరు మంచిగనే రాసిండ్రు గదా. సూపర్, కిరాక్, వీడు హీరో అయితడు. నేను గూడ సూసిన."

"పైపైన చూసుంటావు. కిందికంటా పోలా నువ్వు."

"కిందేమున్నది? ఎవడన్న బూతులు తిట్టిండా? తిడితే అదొక్కటి తీసెయ్."

"తీసేది కాదన్నా అది. అది పోకూడదనే పొద్దున్నుంచి పోస్టు తియ్యకుండా కూర్చున్నా."

"సక్కగ జెప్పు, రసజ్ఞా. నాకు సమజైతలేదు. సూసుకుండని ఆమెకు జెప్పినవ్ సూడు... నేను అబద్ధమనుకున్న. మంచి అబద్ధమే జెప్పినవ్ అనుకున్న."

"అబద్ధం కాదన్నా. పోస్టు పెట్టిన మరుసటి రోజే చూసినాడు. దాని కింద రాసినాడు."

"దినేశ్?"

"దినేశే."

"ఏం రాసిండు?"

"'మేడం, అది యాక్టింగ్ కాదు' అని."

"అయ్యో... అయ్యయ్యో. నువ్వెప్పుడు సూసినవ్? వాడు పోయినంకనా?"

"కాదు. వాడు రాసిన నిమిషానికే. ఆటోలో ఇంటికి పోతాండా."

"మరేం జేసినవ్? నా దిక్కు సూడు. నేల దిక్కు గాదు, నా దిక్కు. వానికి జవాబిచ్చినవా?"

"ఇచ్చినా. ఇంకా పాత్రలోనే ఉన్నాడే, భలేవాడే అనుకొని... చప్పట్ల బొమ్మలు పెట్టినా అన్నా. వరసగా."