ప్రకాశముగా

(నాటకం రెండో ఆట ఆడిన మర్నాడు పొద్దున, మేకప్ గది. హీరో, దర్శకుడూ అయిన బావ. లైట్లు చూసే బావమరిది. ఓ మూల కోటుకి గుండీ కుడుతున్న అక్క.)

“మళ్ళీ చెప్పు. లైట్లన్నీ ఎందుకు వేశావు?”

“ప్రకాశముగా అని వినపడింది బావా. వేశాను.”

“ప్రకాశముగా అంటే లైట్లు వెయ్యమనా?”

“ప్రకాశమంటే వెలుతురేగా బావా. కాదా?”

“ఆహా, ఏం పాండిత్యం. నిఘంటువు రాయకపోయావా? ఒరేయ్, నాటకంలో మూడు మాటలున్నాయి. స్వగతం అంటే తనలో తను అనుకోవడం. పక్కనే నిలబడ్డవాడికి కూడా వినపడదు.”

“హాలు చివర బెంచీలో వాడికి మాత్రం వినపడుతుంది.”

“అది పద్ధతి. జనాంతికం అంటే మిగతావాళ్ళకి తెలీకుండా ఒక్కడికే చెప్పడం. ప్రకాశం అంటే పైకి, అందరికీ వినపడేలా చెప్పడం. పైకి. అంతే. కరెంటుకీ దానికీ సంబంధం లేదు.”

“అయితే ఇంట్లో అక్క చెప్పేదంతా మీకు స్వగతమేనన్నమాట.”

“వెధవ జోకులు వెయ్యకు. ఒళ్ళు మండిపోతోంది నాకు. ఆ సీనేమిటి? చీకట్లో ఒంటరి మనిషి గుండెకోత. నేను కళ్ళు మూసుకుని లీనమైపోయి...”

“అందుకే లైట్లు వెలిగిన సంగతి మీకు తెలీలేదు. చాలాసేపు అలాగే చెప్పుకుంటూ పోయారు పాపం.”

“జనం ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. నటన చాల్లేదేమో అని ఇంకాస్త ఏడ్చాను.”

“బాగానే ఏడ్చారు బావా. అక్క సోఫా వెనకాల అందరికీ కనపడేలా గొంతుక్కూర్చుని ఒక్కో ముక్కా అందించడం, ఆవిడ అన్నాక మీరు అనడం. బళ్ళో ఎక్కాలు చెప్పినట్టుంది. ‘అయ్యో’ కూడా ఆవిడే అందించింది.”

“‘అయ్యో’ నాకొచ్చు.”

“వచ్చనే అనుకున్నాం. ముందు వరసలో పెద్దాయన కరపత్రం తిప్పి తిప్పి చూశాట్ట. ప్రాంప్టింగ్ అక్కర్లేని ఏకైక నటుడు అని వేయించుకున్నారు కదా, ఆయనెప్పుడు వస్తాడయ్యా అని అడిగాట్ట.”

“పరువు బజార్న పడేశావు కదరా. సాయంత్రం మళ్ళీ ఆట ఉంది. ఏ మొహం పెట్టుకుని స్టేజీ ఎక్కను?”

“రంగేసుకున్న మొహమేగా. ఎవరు గుర్తుపడతారు?”

“నీకో దణ్ణం. ఇవాళ్టి నుంచి లైట్ల దగ్గరికి రాకు. ఇంకొకణ్ణి చూసుకుంటాను.”

“మా తమ్ముణ్ణి ఎందుకండీ అంటారు? వాడికి వినపడింది, వాడు వేశాడు.”

“నువ్వు మధ్యలో రాకు. గుండీ కుట్టు. అసలు నీ మాట పక్క వింగులో వీడిదాకా వెళ్ళిందంటే తప్పు నీదే. ప్రాంప్టింగ్ అంటే నాకొక్కడికే వినపడాలి.”

“ప్రకాశముగా అన్నాను కదా, మీకు వినపడలేదా?”

“వినపడింది. అందుకేగా గొంతు పెంచాను. ఆగు. ఆగాగు. అక్కడ ప్రకాశం ఎక్కడుంది? ఆ రంగం మొదట్నుంచీ తెర పడేదాకా స్వగతమే కదా.”

“స్వగతమే.”

“మొత్తం.”

“మొత్తమేనండీ.”

“మరి నాకెందుకు అందించావు ప్రకాశముగా అని?”

“మీకు కాదు. వాడికి.”

“వాడికా? ఏమోయ్, మీ అక్క ముందే చెప్పి చేయించిందా?”

“నేను కరెంటువాణ్ణి బావా, నాకేం తెలుస్తుంది? జనాంతికం అనుకోండి.”

“నువ్వు నోరు ముయ్యి. నువ్వు చెప్పవే, కట్టుకున్నదానివి, నా కొంప ఎందుకు ముంచావు?”

“ముంచలేదు. దీపం పెట్టాను. సాయంత్రం ఆ పని కూడా లేదు లెండి. నేను రావడం లేదు.”

“రాకపోతే? రెండో అంకం నాకు ఒక్క ముక్క రాదే.”

“ఆ సంగతి నాకు తెలీదూ?”

“ఏమిటే నీ బాధ? నీకేం తక్కువ చేశాను?”

“ఏమీ తక్కువ చెయ్యలేదు. మొన్న మొదటి ఆట అయ్యాక అందర్నీ స్టేజీ మీదికి పిలిచారు. మేకప్పాయన్ని, తెర లాగినాయన్ని, టీ తెచ్చినాయన్ని, సైకిళ్ళు కాసినాయన్ని కూడా. పేరు పేరునా పొగిడారు.”

“అది మర్యాద.”

“సోఫా అరువిచ్చినాయనకి రెండుసార్లు చప్పట్లు కొట్టించారు. నేనప్పుడు ఆ సోఫా వెనకాలే ఉన్నాను. పిలుస్తారేమోనని చీర దులుపుకుని, జుట్టు సర్దుకుని, సిగ్గులేకుండా ఎదురుచూశాను.”

“అదీ... నిన్ను పిలవలేదా నేను?”

“పాపం, మీరు మాత్రం ఏం చేస్తారు? నా పేరు మీకు అందించేవాళ్ళెవరూ లేకపోయారు.”