రంగులు చెప్పని గైడు

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని పుస్తకాల దుకాణంలో గౌరునాయుడు అరగంట నుంచి ఎక్సెల్ గైడ్లు తిరగేస్తున్నాడు. ఇరవై రెండేళ్లు రైలింజను నడిపినవాడు. సోమవారం నుంచి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. దుకాణం నడిపే అమ్మాయి లావుపాటి పుస్తకం ఒకటి అతని ముందు పెట్టింది.

“అందరూ ఇదే కొంటారు మావయ్యా. అన్నీ రంగుల బొమ్మలే.”

“బొమ్మలు బాగానే ఉన్నాయమ్మా. కానీ ‘ఎర్ర గడి నొక్కండి, ఆకుపచ్చ గడి సూడండి’ అని రాసినాడు. ఏది ఎరుపో నాకెలా తెలుస్తాది?”

“అదేటి మావయ్యా? సిగ్నళ్లు సూసి బండి నడిపినోరు కదా!”

“మొన్న కంటి పరీక్షలో ఆ రెండు రంగులూ ఒకేలాగ కనబడినాయి. ఇంజను మీంచి దింపేసినారు.”

ఆమె వెనక అరలోంచి పల్చటి పుస్తకం తీసి, దుమ్ము దులిపి తెచ్చింది.

“ఇది నలుపూ తెలుపే. నిలువు వరసలకి అక్షరాలు, అడ్డ వరసలకి అంకెలు. ‘సి నాలుగు’ ఏ గడో సూపించండి.”

గౌరునాయుడి వేలు మూడో నిలువు వరస వెంట మెల్లగా దిగి, నాలుగో గడి మీద ఆగింది.

“ఇదేనా?”

“అదే! నేనూ ఈ పుస్తకంతోనే నేర్సుకున్నాను.”

అతను మరో రెండు గడులు తనంతట తానే వెతికి పట్టుకున్నాడు. ముఖం విప్పారింది.

“సంచీలో పెట్టమంటారా?”

“వద్దమ్మా, సేతికే ఇయ్యి. ఇంజను దిగినానని మీ అత్తకి ఇంకా సెప్పలేదు. ఇయ్యాల ఇది ముందు పెట్టి సెప్తాను.”